నొక్కను

టర్కీ కోడిని కాల్చిన పళ్ళెం అడుగంటింది. పీచు పెట్టి రుద్దుతుంటే హాల్లోంచి గ్యారెట్ కేకేశాడు. "లోర్నా! నాన్నకి నడుం నొప్పి ఇంకా తగ్గలేదట. వచ్చి కాస్త నొక్కు."

ప్రతి థాంక్స్‌గివింగ్ పండక్కీ ఇదే వరస. పొద్దున్నుంచీ వండేది నేనే, తిన్నాక అందరి మెడలూ నడుములూ పిసికేదీ నేనే. మా ఆయన గ్యారెట్ ఎం.డి., సర్జను. నేను డి.ఓ., ఆస్టియోపతి డాక్టర్ని. ఆయన రాసే మందులన్నీ నేనూ రాస్తాను, ఆయనలాగే ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేశాను. పైగా ఒంటిని చేత్తో తడిమి రోగం పట్టుకోవడం మా కాలేజీలో విడిగా నేర్పారు. ఆ ఎక్కువ చదువే ఈ ఇంట్లో నా కొంప ముంచింది. "మా ఇంట్లో ఒక డాక్టరు, ఒక మాలిషు మనిషి" అంటుంది అత్తగారు వచ్చినవాళ్ళందరితో. అందరూ నవ్వుతారు. సిగ్గులేకుండా నేనూ నవ్వేదాన్ని.

చేతులు తుడుచుకుని వెళ్ళాను. మామగారు వెర్లిన్ సోఫాలో ముడుచుకుని ఉన్నారు. భోజనం ముట్టలేదు. మొహం పాలిపోయింది, నుదుటి మీద చెమట. "నీ చెయ్యి పడితేగానీ తగ్గదమ్మాయ్," అన్నారు. నన్ను ఏనాడూ వెక్కిరించనిది ఈ ఇంట్లో ఆయనొక్కరే.

వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట మీద మెల్లగా అరచేతులు ఆనించాను. బొడ్డు పైన ఏదో కొట్టుకుంటోంది. కొట్టుకున్నప్పుడల్లా నా రెండు చేతులూ చెరోపక్కకీ జరుగుతున్నాయి. గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళం బుడగలా ఉబ్బింది. అది ఏ క్షణాన పగిలినా మనిషి దక్కడు.

"నొప్పి నడుములో ఉంటే పొట్ట తడుముతావేంటి? కండ పట్టేసిందని పొద్దున్నే చెప్పాగా. బోర్లా తిప్పి గట్టిగా నొక్కు," అన్నాడు గ్యారెట్, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

"నొక్కను."

పెళ్ళయ్యాక ఆ మాట నా నోట రావడం ఇదే మొదలు. అత్తగారు నోరెళ్ళబెట్టింది. నేను అంబులెన్సుకి ఫోను చేశాను.

"పెద్ద రక్తనాళం ఉబ్బింది గ్యారెట్. ఇప్పుడే ఆపరేషన్ చెయ్యాలి."

"నీ వేళ్ళు చెప్పాయా? ఇంట్లో సర్జన్ని పెట్టుకుని అంబులెన్సు పిలుస్తావా? నలుగురిలో నా పరువేం కావాలి?"

మామగారు మూలిగారు. నొప్పి ఎక్కువైనట్టుంది. ఆయన వేళ్ళు నా మణికట్టును పట్టుకుని వదలడం లేదు.

"అక్కడ డాక్టరెవరైనా ఉన్నారా?" అడిగింది ఫోనులో అమ్మాయి.

"ఇలా తే," అంటూ గ్యారెట్ చెయ్యి చాచాడు.

"ఉన్నాను," అన్నాను.