ఇరవై మూడు వానపాములు

నేలను కప్పి ఉంచడానికే పెంచి, కోసి పరిచిన జనుమును వంగమడిలో పక్కకు జరిపాను. మూరెడు వెడల్పు, జానెడు లోతు గొయ్యి. తవ్విన మట్టిని పళ్ళెంలో పోసి వేళ్ళతో విడదీశాను. ఒకటి, రెండు... రెండు రోకలిబండ పురుగులు చుట్ట చుట్టుకున్నాయి. వాటికి లెక్కలో చోటు లేదు.

ఒప్పందం వానపాముల మీదే. రెండేళ్ళు దున్నకుండా వదిలిన ఈ అరెకరంలో, ఒక్క గొయ్యిలో ఇరవై అన్నయ్య కంటికి కనిపించాలి. లేకపోతే ఇవాళే ట్రాక్టర్ దిగుతుంది.

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. నన్ను చదివించింది అన్నయ్య దున్నిన దుక్కే. అది నేలకు చేటని నేను అన్న రోజు నుంచి నాతో అవసరానికి మించి మాట్లాడడు. పొలం పక్క గదిలో ఒక్కదాన్నే ఉంటాను. పొద్దున్నుంచి నోరు తెరవని రోజులున్నాయి.

ఇరవై మూడు వచ్చాయి!

తెల్లవారగానే వస్తానన్న అన్నయ్య రాలేదు. పళ్ళెం మీద తడిగోనె కప్పి దారి చూస్తూ కూర్చున్నాను. ఎండ వీపుకి చుర్రుమంది. గోనె ఎత్తితే, వానపాములు ఉండ కట్టాయి. పైనున్నవి అప్పుడే వాడుతున్నాయి. మళ్ళీ దారి చూశాను. దుమ్ము కూడా లేవలేదు. వాటిని గొయ్యిలో వదిలి, మట్టి కప్పి, జనుము పరిచేశాను.

అప్పుడు వినిపించింది ట్రాక్టర్ చప్పుడు.

“టైరు పంచరు,” అంటూ దిగాడు అన్నయ్య. “ఏరమ్మా నీ చుట్టాలు?”

“లోపలికి పంపేశాను. ఇరవై మూడున్నాయి అన్నయ్యా.”

“నన్ను రమ్మని, నేనొచ్చేసరికి సాగనంపావా!”

“ఎండకి చచ్చిపోతున్నాయి.”

“ఫోటో అయినా తీయలేదా? చదువుకున్నదానివి!”

“ఫోన్ గదిలో ఉంది. వాడిపోయినవాటిని మళ్ళీ తవ్వితే చచ్చిపోతాయి, ఇప్పుడు వేరేచోట తవ్వినా దొరకవు. ఎండెక్కితే అడుక్కి పోతాయి.”

చెప్పుకాలితో జనుము కదిపి చూశాడు.

“అబద్ధమాడేదానివైతే వంద అనేదానివి,” అన్నాడు చివరికి. “నీ మాట మీద వదిలేస్తున్నా. ఇక నన్ను లెక్కలకి పిలవకు. ఇది నీది, అది నాది.”

“టీ పెడతాను, తాగి వెళ్ళు.”

“దుక్కి మిగిలిపోయింది.”

గట్టు అవతల తన సగం దున్నడం మొదలుపెట్టాడు. ఎక్కణ్ణుంచో కొంగలు వచ్చి ట్రాక్టర్ వెనకే నడిచాయి, తిరగబడ్డ మట్టిలో ఏవో ఏరుకుంటూ. నా వైపు ఒక్కటీ రాలేదు.