గీత దాకా నీళ్ళు

గ్లాసు మీద ఎర్ర గీత లేదు. కన్నమ్మ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుగులో తిప్పి తిప్పి చూసింది. స్టీలు తళతళలాడుతోంది తప్ప గీత జాడ లేదు.

"ఈ గీతెవులు సెరిపీసినారు?"

"నానే అత్తా. అంట్లతో పాటు తోమీసినాను. గోళ్ళరంగే కదా, మళ్ళీ గీత్తే అయిపోద్ది," అంది కోడలు రజని, పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండా.

"ఎక్కడ గీత్తావు? మీ పుట్టింటోళ్ళనడిగి గీత్తావా?"

"ఆల్లెందుకు, మావనే అడుగుదుం. ఆయనైతే అంచు దాకా గీయమంతాడు."

అరుగు మీద వల బాగుచేసుకుంటున్న కన్నమ్మ మొగుడు గోవిందరావు నవ్వాడు. ఆ నవ్వుకి ఉబ్బిన మొహం ఇంకాస్త ఉబ్బినట్టు కనిపించింది. కన్నమ్మకి నవ్వు రాలేదు. రజని గోళ్ళరంగు సీసా మూత తీసి, అంచనాగా ఒక గీత గీసి, ఆరడానికి గ్లాసుని గూట్లో బోర్లించింది.

గోవిందరావు కిడ్నీలు పోయి నాలుగేళ్ళు. వారానికి మూడుసార్లు ఆటోలో పలాస వెళ్ళి రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఉద్దానంలో అదేమీ వింత కాదు. ఆ ఆటోలో మిగతా సీట్లు కూడా అలాంటివాళ్ళవే. రోజుకి ఆ గ్లాసుతో గీత దాకా మూడుసార్లు, అంతే నీళ్ళు. టీ, గంజి, మందు మింగే గుక్క అన్నీ అందులోనే. కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్తూ కన్నమ్మ ఆ లెక్కంతా కోడలికి అప్పజెప్పేది. సాయంత్రం జీడి చమురుకి నల్లబడ్డ వేళ్ళతో తిరిగొచ్చి, గుమ్మంలో అడిగే మొదటి మాట, "ఎంత తాగినాడు?"

ఆ రోజు ఆమె పనికి పోలేదు. అమ్మవారి సంబరం. ఘటం నెత్తిన ఎత్తుకుని పేటంతా తిరగడం గోవిందరావు ఇంటి హక్కు. మూడేళ్ళు అతని తమ్ముడు ఎత్తాడు. ఈ ఏడు తమ్ముడు చెన్నై రేవులో బోటు మీద ఉన్నాడు. కొడుకు ప్రకాష్‌ని ఎత్తమంటే గోవిందరావు ఒప్పుకోలేదు.

"నడవగలిగినన్నాళ్ళూ నానే," అన్నాడు. "నిన్ననే కదా పలాస ఎల్లొచ్చినాను. మళ్ళీ రేపు ఎల్తాను. మధ్యలో ఒక్క రోజుకేటవుద్ది?"

అవుతుందని కన్నమ్మకి తెలుసు. భయం నడక గురించి కాదు. వాళ్ళ పేటలో ముప్పై నాలుగు గుమ్మాలున్నాయి. ప్రతి గుమ్మం దగ్గరా ఘటం ఆగుతుంది. ఆ ఇంటి ఆడది ఘటం ఎత్తినవాడి కాళ్ళకి పసుపు నీళ్ళు పోసి, తర్వాత చెంబెత్తి అతని నోట్లో ఒక గుక్క మంచినీళ్ళు పోస్తుంది. రెండు చేతులూ ఘటం మీద ఉంటాయి కనుక అతను నోరు తెరవడమే. ముప్పై నాలుగు గుక్కలు.

అందుకని ఆమె పొద్దున్నే గుమ్మం గుమ్మానికీ వెళ్ళింది. "పెదాలు తడిపి వొదిలీండి. లోపలికి పొయ్యకండి," అని చెప్పింది. అందరూ ఊఁ అన్నారు.

"నాకు తెలవదేటే కన్నమ్మా? మా ఇంటాయినా అదే ఆటోలో ఎల్తన్నాడు కదా," అంది బొడ్డమ్మ.

ఇల్లిల్లూ తిరుగుతుంటే ఆమెకి ఇదే పేటలో తన ఎనిమిదో ఏడు గుర్తొచ్చింది. అప్పుడు ఘటం ఎత్తేది గోవిందరావు తండ్రి. ముందు డప్పులు, వాటి వెనక ఒళ్ళంతా పసుపూ నల్ల చారలూ పూసుకున్న పులివేషాలు, తోకలు పట్టుకుని లాగే పిల్లలు. ఘటం మీంచి వేపాకుల వాసన. ఇసకలో ముసలాయన తడి అడుగులు పడగానే, అవి ఇంకిపోయేలోపు వాటిలో తమ పాదాలు పెట్టాలని పిల్లలంతా తోసుకునేవారు. ఆమె పాదం ఆ అడుగులో సగానికి కూడా వచ్చేది కాదు. చల్లగా ఉండేది.

ఒక ఏడాది ఆయన ఒక గుమ్మం దగ్గర నోరు తెరవలేదు. ఆ చెంబు అంచుకి చేప పొలుసు అంటుకుని ఉంది. ఘటం ముందుకి సాగిపోయింది. ఆ వారంలోనే ఆ ఇంటి కొడుకు ఎక్కి వెళ్ళిన తెప్ప ఒడ్డుకి ఖాళీగా కొట్టుకొచ్చింది. ఎందుకని ఎవరూ పైకి అనలేదు. మర్నాటి నుంచి పేటలో ఆడవాళ్ళంతా చెంబులు చింతపండుతో తోమడం మొదలుపెట్టారు. ఆ సంగతి ఈ రోజు ఎవరూ ఎత్తలేదు. కన్నమ్మా ఎత్తలేదు.

ఇంటికొచ్చి ఆమె మొగుడి పక్కన కూర్చుంది.

"మావా, ఇయ్యాల గ్లాసు ముట్టకు. నీ మూడు గ్లాసులూ మన గుమ్మం కాడ ఒక్కసారే పోత్తాను. ఇత్తడి సెంబుడు."

గోవిందరావు వల పక్కన పెట్టాడు. "సెంబుడా? దించకుండా?"

"దించకుండా."

నాలుగేళ్ళలో అతను కడుపు నిండా నీళ్ళు తాగింది లేదు. ఆ పూటంతా పొడి నాలుకతో కూర్చుని, మధ్య మధ్యలో గూట్లో చెంబు వైపు చూస్తూ, వలలో ఒక్కొక్క కన్నూ ముడేస్తూ పోయాడు. పెదాలు పగిలాయి. అడగలేదు.

మూడు గంటలకి ఘటం లేచింది. ఇప్పుడు డప్పుల వెనక ట్రాక్టరు మీద పెద్ద పెద్ద సౌండు బాక్సులు. పులి ఒక్కటే, అది కూడా బూట్లేసుకుంది. కన్నమ్మ ఇల్లు పేటలో చివరిది, సముద్రం వైపు. గుమ్మంలో చెంబు పట్టుకుని నిలబడింది. జనం అడ్డం ఉండి ముందు ఇళ్ళ దగ్గర ఏం జరుగుతోందో కనిపించలేదు. ఎండ తగ్గేసరికి పసుపు నీళ్ళతో తడిసిన కాళ్ళు ఆమె ముందుకొచ్చి ఆగాయి.

గడ్డం మీంచి నీళ్ళు కారుతున్నాయి. చెమటనుకుంది. కాళ్ళు కడిగి చెంబెత్తింది. ఆబగా తాగుతాడనుకుంది. అతను కాసేపు ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత నెమ్మదిగా నోరు తెరిచాడు. చెంబు ఖాళీ అయ్యేదాకా మూయలేదు.

తెల్లవారి ఆటోలో అతనికి ఊపిరి అందలేదు. జీడి తోటలు వెనక్కి పోతున్నాయి. తల ఆమె భుజం మీద వాల్చి, "అన్నిటికన్నా మన సెంబు నీళ్ళే తియ్యగున్నాయే," అన్నాడు. కాశీబుగ్గ ఇంకా రాకముందే భుజం మీద బరువు మారింది. డ్రైవరు ఆపనా అని అడిగాడు. ఆమె పోనిమ్మంది. మిగతా సీట్లలోవాళ్ళకి ఆలస్యమవుతుంది.

పదకొండోనాడు పేటంతా ఆ ఇంట్లో భోజనానికి కూర్చున్నారు. రజని అన్నం, కన్నమ్మ చేపల పులుసు వడ్డిస్తున్నారు. బొడ్డమ్మ విస్తరి ముట్టలేదు.

"తినవేటి వదినా?" అంది కన్నమ్మ.

"నానొక్క గుక్క పోసినానే," అంది బొడ్డమ్మ, తల దించుకునే. "ఇంట్లో ఇంకొకడు అలాగే ఉన్నాడు కదా, కీడొత్తాదని బయమేసింది. నాదొక్కటే కదా అనుకున్నాను."

ఎదురు వరసలో కూర్చున్న పక్కింటి రోజా చేతిలో ముద్ద ఆగిపోయింది. "పిన్నీ, మేమూ ఒక్క గుక్కే. మా ఆయన ఆ రాత్రే సముద్రం మీదకి ఏటకెల్లాలి."

మిగతావాళ్ళు చెప్పనక్కర్లేదు. వరసంతా విస్తళ్ళ మీద చేతులు అలాగే ఉండిపోయాయి. అన్నిటికన్నా అని అతనెందుకన్నాడో కన్నమ్మకి అప్పుడు తెలిసింది. తన గుమ్మం ముందు ఎందుకు ఆగి తన మొహం చూశాడో కూడా. పొద్దుటి నుంచి దాహంతో ఎండగట్టి పంపింది తనే. చివర చెంబెత్తిందీ తనే.

పేట పెద్ద పాపారావు గొంతు సవరించుకున్నాడు. "అయిందేదో అయింది. వొచ్చే ఏడు మరి ప్రకాషు ఎత్తాల."

ప్రకాష్ తల్లి వైపు చూశాడు. కన్నమ్మ పులుసు గిన్నె కింద పెట్టింది.

"ఆడెత్తడు. నానెత్తుతాను."

"ఆడదాయివి, అదెలాగ..."

"ముప్పై నాలుగు గుమ్మాల కాడా ఆగుతాను. కాళ్ళకి పోత్తే పోయించుకుంతాను. నోరు మాత్తరం ఎక్కడా తెరవను."

"కీడు కదేటమ్మా," అన్నాడు పాపారావు మెల్లగా.

"ఆయన అన్ని గుమ్మాల కాడా తాగినాడు బాబూ. మరి మా ఇంటికొచ్చిందేటి?"

కన్నమ్మ గిన్నె మళ్ళీ చేతిలోకి తీసుకుని, బొడ్డమ్మ విస్తట్లో పులుసు వేసి, తినమంది.

గూట్లో గ్లాసు ఆనాడు బోర్లించినట్టే ఉంది. రజని గీసిన ఎర్ర గీత, పాతదానికన్నా అర వేలు ఎక్కువ నీళ్ళు పట్టేలా గీసినది, ఒక్క చుక్క నీరైనా తగలక ఇంకా కొత్తగా మెరుస్తోంది.