నది అవతలి ఓట్లు

మా ఆయన రొజేర్ వార్డు కౌన్సిలర్‌గా నిలబడ్డ ఏడాది మా వీధిలో తొమ్మిది ఎన్నికల బోర్డులు వెలిశాయి. అందులో రెండు ఆయనవి. రెండూ మా ఇంటి ముందే ఉన్నాయి, మాది మూలమీది ఇల్లు కాబట్టి. ఒకటి ఆయన ప్రత్యర్థిది. మిగతా ఆరూ డార్లీన్ వ్రోబెల్ అనే ఆవిడవి. డార్లీన్ మా వార్డు మనిషి కాదు, మా ఊరి మనిషీ కాదు. నదికీ, దేశ సరిహద్దుకీ అవతల, మిషిగన్ రాష్ట్ర శాసనసభకి పోటీ చేస్తున్న అమెరికా మనిషి. మా వీధిలో ఆవిడకి ఓటు వెయ్యగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

రొజేర్ ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇంజిన్ల ఫ్యాక్టరీలో పనిచేసి, రిటైరయ్యాక మా ఊరి ఐస్ స్కేటింగ్ రింక్‌లో పనికి కుదిరాడు. రోజూ పొద్దున్నే వెళ్ళి మంచు నున్నచేసే బండి ఎక్కి, అంగుళం వదలకుండా చుట్లు కొట్టేవాడు. ఇంట్లో గోడకున్న ఫోటో వంకరగా ఉంటే పట్టించుకోని మనిషి, మంచు మీద గీత పడితే అన్నం తినేవాడు కాదు. ఆ రింక్ పాతది. కప్పు కారుతుంది. దాన్ని అమ్మేసి అక్కడ ఇళ్ళు కట్టనివ్వాలని కౌన్సిల్లో సగంమంది ఆలోచన, ఉంచాలని మిగతా సగంమంది పట్టు. మా వార్డు సీటు ఖాళీ అయింది. అది ఎటు పోతే రింక్ అటు పోతుంది. అందుకని, పెళ్ళిలో తప్ప ఎక్కడా నలుగురి ముందు నిలబడని రొజేర్ ఎన్నికల్లో నిలబడ్డాడు.

ఆయన కరపత్రం నేనే టైపు చేశాను. "నేను మీకు తెలుసు. రింక్ ఉండాలి. రొజేర్ గినార్." అంతే. ఇంకో రెండు వాక్యాలు కలుపుదామంటే, తెలిసినవాళ్ళకి అంత చెప్పక్కర్లేదన్నాడు. ఆ కాగితాలు ఇంటింటికీ పట్టుకెళ్ళి పోస్టు డబ్బాల్లో వేసి వచ్చేవాడు. బెల్లు మాత్రం కొట్టేవాడు కాదు. లోపలివాళ్ళు కిటికీలోంచి చూసి చెయ్యి ఊపితే తనూ ఊపి, తొందరపనేదో ఉన్నట్టు నడిచి వచ్చేసేవాడు.

ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. మా ఊళ్ళో ఇరుగుపొరుగుని ఎవరికి ఓటేస్తారని అడగడమంటే, ఏ జబ్బుకి ఏ మందు వేసుకుంటున్నారని అడగడమంత మొరటుతనం. నలభై ఏళ్ళు మంచు పారలు అప్పిచ్చి పుచ్చుకున్నవాళ్ళని గుమ్మంలో నిలబెట్టి ఔనో కాదో చెప్పమనడం ఎలా? కాదంటే మర్నాడు వాళ్ళ మొహం చూడొద్దూ?

అవతలి ఒడ్డున ఆ ఇబ్బంది లేదు. వాళ్ళ టీవీ ఛానెళ్ళే మేమూ చూస్తాం కాబట్టి వాళ్ళలో ఎవడు దొంగో, ఎవడు దొర కొడుకో మాకు కంఠతా వచ్చు. మా మేయరు పేరు అడిగితే మాత్రం కాస్త ఆలోచించాలి. పైగా డార్లీన్ బళ్ళో నర్సుగా చేసిన మనిషి. ఎగువనున్న రసాయనాల ఫ్యాక్టరీలు నదిలో వదిలేదాన్ని ఆపిస్తానంది. ఆ నీళ్ళే మేమూ తాగుతాం. అంచేత మా ఎదురింటి యొలాండ్, ఇది పరాయి ఎన్నిక కానే కాదు, మన కుళాయి ఎన్నిక అని తేల్చేసి, వారానికి రెండుసార్లు డార్లీన్ ప్రచారానికి తన వ్యాన్‌లో మనుషుల్ని వంతెన దాటించడం మొదలుపెట్టింది. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన ప్రాట్ మాస్టారు, మాతిసెన్ అక్కచెల్లెళ్ళిద్దరూ చేరారు. ఐదో సీటు ఖాళీ. నన్ను అడిగింది.

ఇంట్లో అభ్యర్థిని పెట్టుకుని ఎలా వస్తానన్నాను. రొజేరే వెళ్ళమన్నాడు. తన ప్రచారానికి ఒక మనిషీ రెండు కాళ్ళూ చాలన్నాడు. నేను పక్కనుంటే ఎవరింటి బెల్లైనా కొట్టమంటానేమోనని ఆయన భయం. అది నాకు తెలుసు.

మొదటిరోజు యొలాండ్ ఒక అట్టపెట్టె నిండా బటర్ టార్ట్‌లనే తీపి వంటకం చేసి తెచ్చింది. మేం ఎక్కడికైనా వట్టి చేతులతో వెళ్ళం. అవతల డార్లీన్ ప్రచార ఆఫీసులో మమ్మల్ని చూసుకోవడానికి పెట్టిన అమ్మాయికి పాతికేళ్ళుంటాయి. పెట్టె చూసి, అందులో పాముందన్నట్టు వెనక్కి జరిగింది. విదేశీయుల దగ్గర శ్రమ తప్ప విలువైనదేదీ తీసుకోకూడదట, చట్టం ఒప్పుకోదట.

"మీ కాళ్ళు తీసుకోవచ్చండీ. మీ టార్ట్‌లు తీసుకోకూడదు," అంది పాపం, నోరూరుతూనే.

"వీటికేం విలువలేదని చెప్పవే ఒడీల్, నిన్నటి పిండే," అంది యొలాండ్ నాతో.

చివరికి ఆ టార్ట్‌లు మేమే వ్యాన్‌లో కూర్చుని తిన్నాం. ఆఫీసు అద్దంలోంచి ఆ అమ్మాయి చూస్తూనే ఉంది.

కాళ్ళతోనూ చిక్కులొచ్చాయి. ప్రాట్ మాస్టారు, ఎవరైనా తలుపు తీసి లోపలికి రమ్మన్నారంటే గుమ్మంలోనే బూట్లు విప్పేసేవాడు. మా వైపు అది మర్యాద. అక్కడ బూట్లు వేసుకునే ఇల్లంతా తిరుగుతారు. మేజోళ్ళతో నిలబడ్డ ముసలాయన్ని చూసి, ఈయన రాత్రికి ఇక్కడే ఉండిపోతాడేమోనని వాళ్ళు కంగారుపడేవారు. మళ్ళీ లేసులు కట్టుకోవడానికి ఆయనకి నాలుగు నిమిషాలు. కానీ ఆ నాలుగు నిమిషాల్లోనూ డార్లీన్ గురించి అన్నీ చెప్పేవాడు. వంగి బూట్లు కట్టుకుంటున్న మనిషి మొహాన ఎవరూ తలుపు వెయ్యలేరు కదా. ఆ ఆఫీసు మొత్తంలో ఎక్కువ ఓట్లు రాబట్టినవాడు ఆయనే.

నాకూ బాగానే చేతనైంది. ముక్కూ మొహం తెలియని వాళ్ళని సూటిగా అడిగేదాన్ని. ఓటేస్తారా, ఏ రోజు, ఎన్నింటికి, ఎలా వెళ్తారు, బండి ఉందా. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు జాబితాలో రాసేదాన్ని. సర్లెండి చూద్దాం అన్నవాళ్ళని ఔను కింద రాయలేదు. ఆ అమ్మాయి నా జాబితాలే నమ్మేది.

మా ఊరి పోలింగు అక్టోబరు ఇరవై నాలుగు, సోమవారం. సోమవారాలు మా వ్యాన్ వంతు. నేను ముందస్తు పోలింగులోనే ఓటు వేసేశాను. మిగతా నలుగురూ వెయ్యలేదు. ఓటన్నాక ఆ రోజునే వెయ్యాలి, ముందే వేస్తే పండగ ముందురోజే కేకు తినేసినట్టుంటుందంది యొలాండ్. పోలింగు రాత్రి ఎనిమిది దాకా ఉంటుంది, ఆరున్నరకల్లా వచ్చేస్తాం. ఆ ఒక్కరోజుకీ మానేద్దామని నేనంటే, రొజేరే అడ్డం వచ్చాడు. వస్తామని మాటిచ్చాక రాకపోతే ఆ పిల్ల ఏమనుకుంటుంది, వెళ్ళండన్నాడు.

ఆరింటికి ప్రచారం ముగిసింది. తిన్నగా వచ్చేస్తే సరిపోయేది. కానీ అవతలికి వెళ్ళిన మా ఊరివాళ్ళెవరూ చీజ్ కొనకుండా రారు. మా వైపు ధరలో సగానికి అక్కడ దొరుకుతుంది. కొనకుండా వస్తే ఇంట్లోవాళ్ళు ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. ఐదు నిమిషాలే అని యొలాండ్ సూపర్ బజారు ముందు ఆపింది. ఇరవై ఐదు నిమిషాలైంది. మాకు ఊరికే తెచ్చుకోవడానికి పరిమితి ఉంది. రెండు ముక్కలకి మించితే సుంకం కట్టాలి, కాగితాలు రాయించుకోవాలి. యొలాండ్ పదకొండు ముక్కలు కొంది, చలికాలం మొత్తానికి. అవి నా కాళ్ళ కింద పెట్టి పైన కోటు కప్పింది.

వంతెన మీద వరస. మా వంతొచ్చేసరికి ఏడూ పది. సరిహద్దు తనిఖీ గూట్లో ఉన్నది డుబే. మా ఊరివాడే, చిన్నప్పట్నుంచీ తెలిసినవాడే. ఏం తెస్తున్నారని అడిగాడు.

"కాస్త చీజ్. రెండు ముక్కలు," అంది యొలాండ్.

డుబే రాసుకోబోయి ఆగాడు. తల వంచి వెనక సీటులోకి చూశాడు.

"అంతేనా, ఒడీల్ గారూ?"

ఏడూ పది అని నాకు తెలుసు. ఈ నలుగురూ ఇంకా ఓటు వెయ్యలేదని తెలుసు. వాళ్ళ ఓట్లు ఎవరికో తెలుసు. నా పాదాల కింద చల్లగా ఏముందో కూడా తెలుసు. ఊ అంటే సరిపోయేది. ఊ అని ఉంటే డుబే చెయ్యి ఊపి పంపేసేవాడు.

"పదకొండు," అన్నాను.

డుబే మొహం చూస్తే, అడిగినందుకు వాడే నొచ్చుకున్నట్టు కనిపించాడు. కానీ అడిగాక, విన్నాక, చెయ్యగలిగిందేం లేదు. బండి పక్కకి పెట్టి సుంకం ఆఫీసు లోపలికెళ్ళమన్నాడు. లోపల ఒక్కతే గుమాస్తా, మా ముందు ఐదుగురు. ఇవాళ మా ఊళ్ళో పోలింగండీ అని ప్రాట్ మాస్టారు ఆవిడకి చెప్పాడు. తమ ఊళ్ళో కూడా అని ఆవిడ అంది. పని ముగించుకుని బయటపడేసరికి ఎనిమిదీ పన్నెండు.

"పదకొండని లెక్కపెట్టమని నిన్నెవరడిగారే?" అంది యొలాండ్ బండి తీస్తూ. మళ్ళీ తనే, పోన్లే, నాలుగు ఓట్లతో గెలుపోటములు మారతాయా అంది.

మూడు ఓట్లతో మారాయి. రొజేర్‌కి ఆరువందల ఎనభై రెండు, ప్రత్యర్థికి ఆరువందల ఎనభై ఐదు. మా వ్యాన్‌లోంచి మూడు పడి ఉంటే ఇద్దరి పేర్లూ పెట్టెలో వేసి చీటీ తీసేవారు. నాలుగూ పడి ఉంటే గెలిచేవాడు. నలుగురూ ఆయనకే వేసేవారని నా నమ్మకం. చిన్న మాతిసెన్ ఒక్కతే కాస్త అనుమానం.

రొజేర్ ఫలితం విని, సూపు తాగి, ఎప్పటిలాగే పొద్దున్నే రింక్‌కి వెళ్ళాడు. కొత్త కౌన్సిల్ కూర్చోగానే అమ్మకానికి తీర్మానం పెడతారనీ, మార్చి దాకా మంచు ఉంటుందనీ చెప్పాడు. వ్యాన్ ఎన్నింటికి తిరిగొచ్చిందని నన్ను అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని. అడగలేదు కాబట్టి చెప్పలేదు. రోజూ చెబుదామనుకునేదాన్ని. తీరా ఆయన తడి బూట్లు పొయ్యి పక్కన ఆరబెట్టుకుంటూ ఉంటే, ఈ పూటకి వద్దులే అనిపించేది. యొలాండ్ వాళ్ళు నాకంటే గట్టిగా నోళ్ళు కుట్టేసుకున్నారు.

నవంబరు మొదటి శనివారం డార్లీన్‌కి ఆఖరి ప్రచారం. మాతిసెన్ అక్కగారికి జలుబు చేసింది. సీటు ఖాళీ ఉందా అని రొజేర్ అడిగాడు. నీకెందుకన్నాను. ఊరికే, చూద్దామని అన్నాడు. ఆ రోజు కోటు గుండీ దగ్గర యుద్ధాల్లో పోయినవాళ్ళ గుర్తుగా నవంబరులో మావాళ్ళు పెట్టుకునే ఎర్ర గసగసాల పువ్వు బొమ్మ గుచ్చుకుని, జుట్టు తడిపి దువ్వుకుని వ్యాన్ ఎక్కాడు.

అవతల మా ఇద్దరికీ ఒక వీధి ఇచ్చారు. మొదటి ఇంటి దగ్గర నేను జాబితా తిప్పుతూ ఉండగానే రొజేర్ వెళ్ళి బెల్లు కొట్టేశాడు. ముగ్గురు పిల్లల తల్లి తలుపు తీసింది. ఆవిడతో పది నిమిషాలు నది గురించి మాట్లాడాడు. నది అడుగు బురదలో ఏం పేరుకుందో, చిన్నప్పుడు అందులో ఏ చేపలు పట్టేవాడో. ఆవిడ ఔనంది. రెండో ఇంట్లోనూ ఔనన్నారు. మూడో ఇంటి ఆయన కాదన్నాడు. రొజేర్ చెయ్యి కలిపి, పోన్లెండి, మీ మెట్ల మీద మంచు గడ్డకట్టింది, ఉప్పు చల్లండి అని చెప్పి నవ్వుతూ దిగి వచ్చాడు. నలభై మూడేళ్ళ కాపురంలో ఆయన అన్ని మాటలు వరసగా మాట్లాడ్డం నేను వినలేదు.

"బాగానే అడుగుతున్నావే," అన్నాను.

"నాక్కాదుగా," అన్నాడు.

పదిహేడో ఇంట్లో ఒక పెద్దావిడ. చేతికర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడి, ఈయన చెప్పిందంతా విని, మీకిది బాగా చేతనైంది, మీరెప్పుడూ నిలబడలేదా అని అడిగింది.

"నిలబడ్డానండీ, రెండు వారాల కిందట. మా ఊళ్ళో. మూడు ఓట్లతో పోయింది," అన్నాడు రొజేర్.

"మూడేనా? ఇంకో నాలుగిళ్ళ తలుపు తట్టి ఉంటే సరిపోయేదిగా, నాయనా."

"అదేనండీ," అన్నాడాయన.

ఆవిడ లోపలికి వెళ్ళాక మెట్ల మీద ఆగిపోయాను. ఇక్కడే చెప్పెయ్యాలనిపించింది, పరాయి దేశంలో, పరాయివాళ్ళ గుమ్మంలో. చెప్పేశాను. డుబే అడగడం, పదకొండు అనడం, ఎనిమిదీ పన్నెండు, అన్నీ. వరస తప్పకుండా.

రొజేర్ జాబితా నా చేతిలోంచి తీసుకుని, పదిహేడో ఇంటి ఎదుట గుర్తు పెట్టాడు.

"తెలుసు," అన్నాడు. "డుబే గురువారాలు మా రింక్‌లో హాకీ ఆడతాడు. ఓటమి తెలిసిన మొదటి గురువారమే వచ్చి చెప్పాడు. పాపం, ఏడ్చినంత పనిచేశాడు."

"మరి అడగలేదేం?"

"చూద్దామని. సరిహద్దులో వాడు అడిగీ అడగకముందే చెప్పేశావట. ఇంట్లో పన్నెండు రోజులు పట్టింది."

అబద్ధమాడి ఉంటే బాగుండేదా అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

"రింక్‌కి బాగుండేది," అన్నాడు.

జాబితాలో ఇంకా ఇరవై రెండిళ్ళున్నాయి. ఆయన ముందు నడిచాడు. పద్దెనిమిదో ఇంటి బెల్లు నన్ను కొట్టమన్నాడు.