మధ్యలో ఆగిన మాటలు

బాగుచెయ్యడం చేతకానివాడే ఫార్మాట్ చేస్తాడని నా అభిప్రాయం. ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా? అందుకే ఆ పెద్దమనిషి సీపీయూని నా బల్ల మీద దించీ దించకముందే "ఫార్మాట్ కొట్టెయ్యవయ్యా, పీడా పోతుంది" అనేసరికి నాకు ఒళ్లు మండింది.

ఆయన వెనక భార్య నిలబడి ఉంది. మెడకు చుట్టుకున్న స్కార్ఫ్ అంచున ఆపరేషన్ మచ్చ కనిపిస్తోంది.

"ఏమక్కా, ఫార్మాట్ చేసెయ్యమంటారా?" అని ఆమెనే అడిగాను.

"తనేమంటుంది? మౌనం అర్ధాంగీకారం అన్నారుగా!" అని ఆయనే నవ్వాడు.

ఆమె సంచిలోంచి చిన్న పుస్తకం తీసి, గబగబా రాసి నా ముందు పెట్టింది. "వద్దు. నా గొంతు అందులో ఉంది."

గొంతులో గడ్డ తీసేముందు నెల రోజులు కూర్చుని, వేల వాక్యాలు చదివి రికార్డు చేసుకుందట. ఇప్పుడు ఆమె టైపు చేస్తే కంప్యూటరు ఆ గొంతుతోనే పలుకుతుంది. వేరే కాపీ లేదు. ఆ డిస్కు పోతే ఆమె మాట పోయినట్టే.

స్విచ్ వేస్తే నల్లటి తెర మీద సిస్టమ్ ఫైళ్లు పాడయ్యాయని ఒక్క ముక్క, అంతే. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ముందు గొంతున్న ఫోల్డరుని నా డిస్కులోకి కాపీ చేసుకున్నాను. మిగతావన్నీ ఆ తర్వాతే, అది నా పద్ధతి. అప్పుడు లాగ్ తెరిచాను. యంత్రం ఎప్పుడెప్పుడు అర్ధాంతరంగా ఆగిపోయిందో అందులో నమోదవుతుంది. ఈ నెలలోనే నలభై మూడుసార్లు ఆగింది. అన్నీ భోజనాల వేళే.

"మీ ఇంట్లో కరెంటు తరచూ పోతుందా?"

"అబ్బో, రోజూ పోతుంది" అన్నాడాయన.

వాళ్లది నా షాపు వెనక వీధే. ఇద్దరికీ ఒకటే ట్రాన్స్‌ఫార్మరు. నెలరోజులుగా కరెంటు పోయిందే లేదు.

"ఎవరైనా ప్లగ్గు పీకుతున్నారేమో."

"నేనెందుకు పీకుతానయ్యా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. ఆమె పుస్తకం మూసేసి తల వంచుకుంది.

పాడైన ఫైళ్ల స్థానంలో మంచివి వేసి రీస్టార్ట్ చేశాను. తెర వెలిగింది. గొంతు ప్రోగ్రాం దానంతటదే తెరుచుకుని ఒక వరుస చూపించింది. మధ్యలో ఆగిన వాక్యాలు: 43. లాగ్‌లో కనిపించిన అంకే. గొంతు బాగుందో లేదో చూడాలి కదా, నొక్కాను.

"అన్నం గురించి కాదండీ, నేను చెప్పేది వినండి."

నిండైన గొంతు, నవ్వు కలిసిన గొంతు. ఆమె పెదవులు మాత్రం కదల్లేదు.

"ఆదివారం మా అక్క దగ్గరికి వెళ్తాను."

"నేనింకా పూర్తి చెయ్యలేదు."

"ప్లగ్గు మీద చెయ్యి తియ్యండి."

"చెయ్యి తియ్యండి."

"చెయ్యి తియ్యండి."

అందులో కోపమే లేదు. రికార్డు చేసిన రోజుల్లో ఎంత ఉల్లాసంగా చదివిందో, బతిమాలుకోవడం కూడా అంత ఉల్లాసంగానే వినిపిస్తోంది. నిజం చెప్పొద్దూ, నాకు భయమేసింది.

ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఆపవయ్యా!" అంటూ వంగి, గోడకున్న ప్లగ్గు పీకేశాడు. అలవాటైన చెయ్యి, వెతుక్కోనైనా లేదు.

గొంతు ఆగలేదు.

నా షాపులో కంప్యూటర్లన్నీ యూపీఎస్ మీద నడుస్తాయి, కరెంటు తీసేసినా అందులోని బ్యాటరీ కాసేపు నడిపిస్తుంది. బల్ల కింద ఆ డబ్బా కీచుకీచుమంటోంది, బల్ల మీద ఆమె మాట్లాడుతూనే ఉంది. ఊడిన ప్లగ్గు చేత్తో పట్టుకుని ఆయన నలభై మూడూ విన్నాడు.

అంతా అయ్యాక ఆమె కుర్చీ లాక్కుని కీబోర్డు ముందు కూర్చుంది. తీరిగ్గా టైపు చేసింది.

"తమ్ముడూ, ఆ డబ్బా కూడా మాకొకటి ఇవ్వు" అంది ఆ నవ్వుగొంతు. "ఇంటికెళ్లి చాలా మాట్లాడాలి."