చెంచాతో పోసిన పగ

అక్క నడిపే షెడ్డులో ఇనప కుళాయిలకి నికెల్ పూత వేస్తారు. పూత పట్టాలంటే ముందు రెండు స్నానాలు కావాలి. జిడ్డు వదలడానికి సోడా తొట్టి, తుప్పు వదలడానికి ఆసిడ్ తొట్టి. సోడా దగ్గర అక్క మొగుడు, ఆసిడ్ దగ్గర అక్క తమ్ముడు. జిడ్డు వదిలేది, తుప్పు వదిలేది, ఈ బావ బావమరుదుల పేచీ మాత్రం వదిలేది కాదు.

నాలుగేళ్ల కిందట ఓ లాటు కుళాయిలన్నీ పెచ్చులూడి వెనక్కొచ్చాయి. జిడ్డు పోలేదన్నాడు తమ్ముడు. తుప్పు పోలేదన్నాడు బావ. ఆ రోజు పూతతోపాటు మాటలూ ఊడిపోయాయి. ఆసిడూ సోడా కలిస్తే ఉప్పూ నీళ్లూ వస్తాయని చదువుకున్నవాళ్లు చెబుతారు. వీళ్లిద్దరూ కలిస్తే ఉప్పూ నిప్పూ. ఒకడు కారాలు నూరితే రెండోవాడు క్షారాలు నూరేవాడు.

రెండు తొట్ల కడుగునీళ్లూ వెనకున్న వెయ్యి లీటర్ల ట్యాంకులో కలుస్తాయి. అందులో రంగు కాగితం ముంచి చూడాలి. ఎర్రబడితే ఆసిడ్ ఎక్కువ, నీలమైతే సోడా ఎక్కువ. ఆకుపచ్చగా ఉంటేనే కాలవలోకి వదలాలి. కాలుష్యం ఆఫీసరమ్మ ఇప్పటికి రెండుసార్లు తప్పు పట్టింది. ఈ రోజు నాలుగింటికి మళ్లీ వస్తోంది. మూడోసారీ తప్పితే షెడ్డుకి సీలు. అక్క పదిహేనేళ్ల కష్టానికి తాళం.

పొద్దున్నే కాగితం ఎర్రబడింది. బావ చూశాడు. "వీడి పాపం నేను కడగాలి" అనుకుని ఎవరికీ చెప్పకుండా రెండు బకెట్ల సోడా కుమ్మరించాడు. పన్నెండింటికి తమ్ముడు ముంచితే ముదురు నీలం. వాడూ ఎవరికీ చెప్పకుండా రెండు బకెట్ల ఆసిడ్ కుమ్మరించాడు. రెండింటికి అక్క వచ్చేసరికి మళ్లీ ఎరుపు. ట్యాంకు వేడెక్కి ఆవిర్లు కక్కుతోంది, నీళ్లు అంచుకి బెత్తెడు దూరంలో ఉన్నాయి. ఇంకో నాలుగు బకెట్లు పడితే పొంగి నేరుగా కాలవలోకే.

"మీ ఆయనే పోశాడక్కా."

"మీ తమ్ముణ్ణి అడుగు."

తటస్థం అంటే గట్టున నిలబడడమే అయితే అక్క నాలుగేళ్లుగా తటస్థంగానే ఉంది. ఇవాళ గట్టు దిగింది.

"ఎవడి సరుకు వాడు పోస్తే బకెట్లే పోస్తారు" అంది. సోడా గ్లాసు తమ్ముడి చేతికిచ్చింది, ఆసిడ్ గ్లాసు మొగుడి చేతికి. "నువ్వు ఆయనది పొయ్యి. మీరు వాడిది పొయ్యండి. పోసిన ప్రతిసారీ కలిపి, కాగితం ముంచి చూడండి."

తమ్ముడి మొహం మాడిపోయింది. బావ సోడా తన చేత్తో పోస్తే బావ సోడాకి విలువున్నట్టే. అరగ్లాసు పోసి కలిపాడు. కాగితం ఎరుపు.

"ఇంకా పొయ్యరా."

"పోస్తే ఈయన లేనిదే పని జరగదని ఒప్పుకున్నట్టు."

"ఒప్పుకోకుండానే పొయ్యి."

పోశాడు. కలిపాడు. ఎరుపు నారింజైంది, నారింజ పసుపైంది. పసుపు చూడగానే వాడు గ్లాసు పక్కన పెట్టేసి ప్లాస్టిక్ చెంచా అందుకున్నాడు. శత్రువు సొమ్ము మరి, బొట్టు కూడా ఎక్కువ ఇవ్వడు. ఓ చెంచా తరవాత ఇంకో చెంచా. పసుపు పోయి కొంచెం నీలం తొంగిచూసింది.

"చూశావా, నా సోడా ఎక్కువ పోశాడు" అన్నాడు బావ.

"మీ వంతు" అంది అక్క.

బావ ఆసిడ్‌ని పావు చెంచా కొలిచాడు. అందులోనూ కొంత డబ్బాలోకి ఒంపేశాడు. "ఇది చాలు. మీ తమ్ముడి ఆసిడ్ ఏమన్నా అమృతమా."

కాగితం ఆకుపచ్చ. సొంత సరుకుని ప్రేమగా పోసినన్నాళ్లూ కుదరని లెక్క, అవతలివాడిది పగతో పోస్తే గంటన్నరలో కుదిరింది.

ఆఫీసరమ్మ మూడు కాగితాలు ముంచింది. మూడూ ఆకుపచ్చే. "ఇంత సరిగ్గా ఎవరు కలిపారు?"

నేనని చెబితే అవతలివాడి సరుకుని మెచ్చుకున్నట్టవుతుంది. ఇద్దరూ చెరో తొట్టి వైపు తిరిగారు.

"ఇద్దరూ" అంది అక్క.

ఆవిడ సంతకం పెట్టి వెళ్లింది. అక్క ఆ సాయంత్రమే సోడా గది తాళంచెవి తమ్ముడికి, ఆసిడ్ గది తాళంచెవి మొగుడికి ఇచ్చేసింది. "ఇకమీదట ఇంతే."

మర్నాడు పొద్దున్న తమ్ముడు బావ ముందు నిలబడ్డాడు.

"తాళంచెవి."

"ఎవర్ని అడుగుతున్నావు?"

"గోడని."

"గోడ దగ్గర లేదు."

తమ్ముడు నాలుగేళ్ల మౌనాన్ని గుటకేశాడు. "బావా, తాళంచెవి ఇస్తావా చస్తావా?"

"ఎంత కావాలి?"

"రెండు డబ్బాలు."

"ఒకటి తీసుకో. నిన్న కుమ్మరించింది చాల్లే."

"అయితే నీకు సోడా అరబస్తానే."

"అరబస్తాతో జిడ్డెలా పోతుందిరా నా జిడ్డు మొహమా?"

"జిడ్డు మొహమైతే ముందు దాన్నే ముంచు తొట్లో."

అక్క తన గది తలుపు దగ్గరికి వేసింది కానీ గడియ పెట్టలేదు. ఎవడు ఎంత తీసుకున్నాడో వీధి చివరిదాకా వినబడుతోంది.