విమానంలో ఒక్క చోటు

వోల్గా ఒడ్డున రష్యన్లు మా సైన్యాన్ని చుట్టుముట్టి ఏడు వారాలైంది. రోజుకో రొట్టె ముక్క, గుర్రం ఎముకలు ఉడికించిన నీళ్లు, అంతే తిండి. బయటికి దారి లేదు. అయినా మా జర్మన్ల పిచ్చి మాది: మనుషులు ఏమైపోయినా సైన్యం చరిత్ర మాత్రం పోకూడదు. ఏ పూట ఏం జరిగిందో యుద్ధ దినచర్య పుస్తకంలో రాస్తూనే ఉన్నాం. రాసే గుమాస్తాలం ఇద్దరం, నేనూ గిస్బర్టూ.

నా దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. గిస్బర్ట్‌ది కోడి గెలికినట్టుంటుంది.

"నీ రాత చదవడం కంటే రష్యన్లకు లొంగిపోవడం నయంరా" అని ఏడిపించేవాణ్ని.

"ఏడిశావ్‌లే. ముందు మీ ఆవిడకు నాలుగు ముక్కలు రాయి, ఆ ముత్యాలతో" అనేవాడు. వాడికి ఇంటి దగ్గర ఆర్నెల్ల కూతురుంది. ఇంకా మొహం చూడలేదు.

ఓ ఉదయం మా నేలమాళిగలోకి కెప్టెన్ ట్రాట్‌వైన్ దిగాడు. పుస్తకాన్ని విమానంలో బయటికి పంపాలట. దాంతోపాటు ఒక మనిషికి చోటుందట.

"ఈ మూడు వారాలూ ఎవడు రాశాడయ్యా? ఒక్క ముక్క అర్థం కావట్లేదు!"

"నేనేనండీ" అన్నాడు గిస్బర్ట్.

"అయితే నువ్వే వెళ్లి అక్కడ చదివి పెట్టు. సంచి సర్దుకో."

గిస్బర్ట్‌కి కళ్లమ్మట నీళ్లొచ్చేశాయి. కెప్టెన్ మెట్లదాకా వెళ్లి నావైపు తిరిగాడు.

"నీకు గానీ ఇది చదవడం వచ్చా?"

రాదంటే అయిపోయేది. కానీ నాకూ ప్రాణం తీపే. చదవడమూ వచ్చి, దస్తూరీ బాగున్నవాణ్ని కాదని ఇంకొకణ్ని ఎందుకు పంపుతాడు? పుస్తకం అందుకుని రెండు పేజీలు గడగడా చదివేశాను.

"భేష్! ఇంక మనిషెందుకు? మధ్యాహ్నంలోగా ఇక్కడే శుభ్రంగా తిరగరాసెయ్. ఆ చోట్లో గాయపడ్డవాణ్ని పంపిద్దాం" అన్నాడు కెప్టెన్.

కూర్చుని రాశాను. సిరా గడ్డకట్టినప్పుడల్లా గిస్బర్ట్ సీసాను చంకలో పెట్టుకుని కరిగించి ఇచ్చాడు. విమానం వెళ్లిపోయాక నోరు విప్పాడు.

"రాదని ఒక్క మాటంటే నీ సొమ్మేం పోయేదిరా? గొప్పలకు పోయి నా కొంప ముంచావు కదా!"

"అవున్రా, గొప్పలకే పోయాను" అన్నాను.

మార్చిలో, రష్యన్లకు పట్టుబడ్డాక ఖైదీల శిబిరంలో, వాడు జ్వరంతో పోయాడు. "వీడికి తన చదువంటే కాస్త మురిపెం గానీ, మనిషి మంచోడు" అని చివరిదాకా అందరికీ చెప్పేవాడు. విన్నప్పుడల్లా సిగ్గుతో చచ్చేవాణ్ని. నిజం మాత్రం చెప్పలేదు.