మూర్తి గారు సరేనన్న ఇళ్ళు

మూర్తి గారి లెక్కలో తప్పుంటుందని మృదుల ఎప్పుడూ అనుకోలేదు. పదిహేనేళ్ళ క్రితం చికాగోలో ఆమె మొదటి ఉద్యోగంలో చేరినప్పుడు పని నేర్పింది ఆయనే. దూలాలు, స్తంభాలు, పునాదులు ఎంత బరువు మోయగలవో లెక్కకట్టే స్ట్రక్చరల్ ఇంజనీరుగా ఆయన ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఆ తర్వాత కూడా చికాగో శివార్లలోని షామ్‌బర్గ్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు ఎవరు ఇల్లు కట్టుకున్నా, గోడ తీయించినా, ముందు ఆ ప్లాన్ తెచ్చి ఆయన డైనింగ్ టేబుల్ మీద పరిచేవారు. ఆయన పైసా తీసుకునేవారు కాదు. ఎర్ర పెన్నుతో రెండు మూడు చోట్ల గీసి, "ఇక సరే, కట్టుకోండి" అనేవారు. ఆ మాట కోసమే అందరూ వచ్చేవారు.

డెబ్బై ఆరో ఏట ఆయన తన ఇల్లు తానే గీసుకున్నారు. ఉన్నది రెండంతస్తుల పెద్ద ఇల్లు. భార్య లీల గారి మోకాళ్ళు మెట్లు ఎక్కనివ్వడం లేదు. కూతురు బిందుమాధవి కాలిఫోర్నియాలో ఉంటుంది. గంట దూరంలో చవగ్గా చిన్న స్థలం దొరికితే కొన్నారు. జూలైలో ఒక శనివారం మధ్యాహ్నం మృదులను పిలిచి ఆ ప్లాన్ ముందు పెట్టారు.

"బిల్డర్ నాలుగు లక్షల అరవై వేలు అన్నాడమ్మాయ్. నేను మూడు లక్షల పదికి దింపాను. గట్టిదనం ఎక్కడా తగ్గలేదు."

"ఎట్లా సార్?"

"ఇంటికి నాలుగే మూలలు. ప్రతి మూలా ఖర్చే కదా! కొలతలన్నీ నాలుగడుగుల లెక్కలో పెట్టాను, ప్లైవుడ్ షీట్ వెడల్పూ అంతే కాబట్టి కోసి పారేసే పనుండదు. కిచెన్, బాత్‌రూములు ఒకే గోడకి అటూ ఇటూ ఉంటాయి, పైపులన్నీ ఆ గోడలోనే. కారిడార్ తీసేశాను. నడవడానికి తప్ప ఎందుకూ పనికిరాని చోటుకి డబ్బెందుకు పెట్టాలి?"

"నాకు మాత్రం ముందువైపు వరండా ఇచ్చారు, అదే పదివేలు," అన్నారు లీల గారు వేయించిన జీడిపప్పు ప్లేటు పెడుతూ.

"పునాది జోలికి మాత్రం వెళ్ళలేదు," అన్నారాయన. "ఇక్కడ చలికి నేల మూడున్నర అడుగుల దాకా గడ్డకడుతుంది. అంతకన్నా లోతుకే వేశాను. టైల్స్ నచ్చకపోతే తర్వాత మార్చుకోవచ్చు. పునాది మార్చుకోలేం."

ఆయన ఇంజనీరు లైసెన్స్ రెన్యూ చేసుకోక నాలుగేళ్ళు దాటింది. అందుకని లెక్కలు సరిచూసి, లైసెన్స్ ఉన్న ఇంజనీరుగా మృదుల తన స్టాంపు వేయాలి. ఆమె ఫైలు తీసుకుని, అంత పని తనకు అప్పగించినందుకు లోలోపల గర్వపడుతూ ఇంటికి వెళ్ళింది.

సోమవారం లంచ్ టైమ్‌లో ఫైలు తెరిచింది. పునాది సరిగ్గా ఉంది. గోడలు సరిగ్గా ఉన్నాయి. హాలుకీ కిచెన్‌కీ మధ్య గోడ లేదు కాబట్టి అక్కడ పైకప్పు బరువంతా ఒక దూలం మోయాలి. దాని పొడవు పద్దెనిమిది అడుగులు. అంత దూలానికి పై నుంచి కిందికి పద్నాలుగు అంగుళాల లోతు కావాలి. డ్రాయింగ్‌లో తొమ్మిదిన్నర అని ఉంది. ఏ జనవరిలోనో కప్పు మీద రెండడుగుల మంచు పేరుకుంటే ఆ దూలం వంగిపోతుంది. విరిగినా విరుగుతుంది.

తనే పొరబడ్డానేమో అనుకుని మళ్ళీ చేసింది. అదే జవాబు. ఆయన చేత్తో రాసిన లెక్కల కాగితాలు వెతికింది. ఆ దూలానికి ఒక్క లెక్క కాదు, మూడున్నాయి. ఏప్రిల్‌లో చేసినది అక్షరం తేడా లేకుండా సరిగ్గా ఉంది, జవాబు పద్నాలుగు. మేలో అదే లెక్క, మొదటిది అసలు లేనట్టుగా మళ్ళీ మొదలుపెట్టి, పొడవు పన్నెండు అడుగులని వేసుకుని చేశారు. కింద "సరిచూశాను" అని సంతకం. జూన్‌లోది సగంలో ఆగిపోయింది. అంకెల మధ్య తెలుగులో ఒక వాక్యం ఉంది. "పన్నెండా, పద్దెనిమిదా? లీలని అడగాలి."

లీల గారు ముప్పై ఏళ్ళు లైబ్రరీలో పనిచేశారు. దూలాల గురించి ఆవిడకేం తెలుసు? మృదుల ఆ మూడు కాగితాలూ ఫైల్లోంచి తీసి విడిగా పెట్టుకుంది.

సాయంత్రం లీల గారికి ఫోన్ చేసి, సార్ వినకుండా ఒక మాట చెప్పాలంది. తలుపు తీసి వేసిన చప్పుడైంది. "గరాజ్‌లోకి వచ్చానమ్మా, చెప్పు," అన్నారు. మృదుల చెప్పింది.

"నాకు తెలుసు," అన్నారావిడ. "దూలం సంగతి కాదు, ఈయన సంగతి. ఫిబ్రవరిలో గ్రోసరీ స్టోర్ నుంచి ఇంటికి రావడానికి రెండు గంటలు పట్టింది. ట్రాఫిక్ అన్నారు. డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే ఇల్లు అయ్యాక చూద్దాంలే అంటారు." గొంతు తగ్గించి, "నువ్వే సరిచేసి స్టాంపు వేసెయ్యి తల్లీ. ఆయనకి చెప్పకు. పొద్దున్న లేవగానే ఆ టేబుల్ దగ్గరికి వెళ్ళి కూర్చుంటారు. ఈ ఒక్క పనీ లాగేసుకుంటే ఇంకేం మిగులుతుంది?"

సరిచేయడం కష్టమేం కాదు. ఒక్క అంకె మారిస్తే సరిపోతుంది. కానీ ఉద్యోగంలో చేరిన కొత్తలో మృదుల ఒక సీనియర్ డ్రాయింగ్‌లో తప్పు చూసి, చెప్పడానికి భయపడి, చల్లగా దిద్దేసింది. మూర్తి గారికి తెలిసి ఆమెను ఆ సీనియర్ గదికి పంపారు. "తప్పు దిద్దావు సరే, ఆయనకి తెలియకపోతే రేపు ఇంకో చోట అదే చేస్తాడు," అన్నారు. ఇప్పుడు మృదుల రెండు రోజులు నిద్రలేకుండా ఆ మాటే తలచుకుని, గురువారం మూర్తి గారింటికి వెళ్ళి దూలం సంగతి చెప్పింది.

"దూలం సైజు నాకు నేర్పుతావా?" అన్నారు మూర్తి గారు. ఆయన గొంతు పెంచడం ఆమె ఎప్పుడూ వినలేదు. "నువ్వు పుట్టక ముందు నుంచీ చేస్తున్నాను ఈ పని!"

మృదుల మూడు కాగితాలూ టేబుల్ మీద వరసగా పెట్టింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశారు. మొదటిది చదివి తలూపారు. రెండోది చదివేటప్పుడు వేలు పన్నెండు దగ్గర ఆగింది. మూడో కాగితం చేతిలోకి తీసుకున్నారు. వంటింటి గుమ్మంలో నిలబడిన లీల గారి వైపు ఒకసారి చూసి, తల దించుకున్నారు.

"రాత నాదే," అన్నారు చివరికి. "రాసినట్టు గుర్తు లేదు."

బయట ఎవరో గడ్డి కోస్తున్న మెషిన్ శబ్దం ఆగి, మళ్ళీ మొదలైంది. అప్పుడాయన ముఖం మారింది. మృదుల చెయ్యి పట్టుకున్నారు.

"మిగతావో?"

"ఏవి సార్?"

"నేను సరేనన్నవి. ఈ రెండేళ్ళలో ఎవరెవరికి చెప్పానో! వాళ్ళంతా ఆ ఇళ్ళలో ఉంటున్నారమ్మాయ్."

తన ఇంటి సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు. ఆ వారమంతా ఆయన ఈమెయిల్స్, లీల గారి ఫోన్‌లోని మెసేజ్‌లు వెతికి మృదుల ఆరు ఇళ్ళు తేల్చింది. తను ఫోన్ చేస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. పేరూ నంబరూ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయించుకుని ఒక్కొక్కరికీ తానే చేశారు. "నేను చూసిన ప్లాన్ మీద నాకు నమ్మకం లేదండీ. ఇంకో ఇంజనీర్‌కి చూపించండి. మృదుల వచ్చి చూస్తుంది." కారణం అడిగితే, "నాకు మతిమరుపు వచ్చింది," అన్నారు. ఆ మాట ఆరుసార్లు చెప్పారు. పక్క గదిలో లీల గారు ఆరుసార్లూ విన్నారు.

ఐదు ఇళ్ళు బాగానే ఉన్నాయి. ఆరోది మల్లికార్జునరావు గారిది. మూర్తి గారు కూడా వస్తానని పట్టుబట్టి కారెక్కారు.

వాళ్ళు ఏడాదిన్నర క్రితం కిచెన్‌కీ ఫ్యామిలీ రూమ్‌కీ మధ్య గోడ తీయించి దూలం పెట్టించుకున్నారు. మూర్తి గారే చూశారు కదా, మళ్ళీ సిటీ పర్మిట్ ఎందుకని తీసుకోలేదు. దూలం మంచిదే. దాని ఒక చివరనున్న స్తంభం కింద, బేస్‌మెంట్‌లో మాత్రం ఏమీ లేదు. బరువంతా వట్టి చెక్క నేల మీద నిలబడి ఉంది. కాగితంలో ఎర్ర పెన్నుతో దూలం గీసిన చెయ్యి, కింది స్తంభం గీయడం మరిచిపోయింది. సీలింగ్ మీద గోడ నుంచి గోడ దాకా బీటలు ఉన్నాయి.

"చలికాలంలో ఈ డ్రైవాల్ పలకలు బీటలివ్వడం మామూలే అనుకున్నాం," అన్నారు మల్లికార్జునరావు గారు. మృదుల విషయం చెప్పాక ఆయన సీలింగ్ వైపు వేలు చూపించారు. "సరిగ్గా ఆ పైన మా దియ గది అండీ. నా కూతురు రోజూ అక్కడే పడుకుంటుంది. మీరు సరేనన్నారని కదా కట్టాం! గుర్తుండదని తెలిసినవారు ఎందుకు చెప్పారు?"

"గుర్తుండదని తెలియలేదు," అన్నారు మూర్తి గారు. "తప్పు నాదే. బాగుచేసే ఖర్చు నేను పెట్టుకుంటాను."

సాయంత్రానికల్లా కాంట్రాక్టర్ వచ్చి బేస్‌మెంట్‌లో స్తంభానికి ఆసరాగా ఇనప జాకీలు నిలబెట్టాడు. ఆ వారం దియ వేరే గదిలో పడుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ మాట పాకిపోయింది. గుడిలో కనిపిస్తే లేచొచ్చి పలకరించేవాళ్ళు ఇప్పుడు దూరం నుంచి దణ్ణం పెట్టి వెళ్ళిపోతున్నారు. అందులో కోపం ఎంతో, ఏం మాట్లాడాలో తెలియకపోవడం ఎంతో లీల గారికి అర్థమయ్యేది కాదు. చివరికి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, ఆయన చెప్పినది ఆవిడకి ముందే తెలిసినదే. జబ్బు పేరు మాత్రమే కొత్త.

రిపేరుకి పద్నాలుగు వేల డాలర్లైంది. అది కొత్త ఇంటి డబ్బులోంచే తీయాలి. ముగ్గురూ మళ్ళీ ప్లాన్ ముందు కూర్చున్నారు. కలప పలచన చేయడానికి లేదు, పునాది తగ్గించడానికి లేదు. తీయడానికి మిగిలినవి రెండే ఉన్నాయి. గరాజ్ తీసేస్తే చలికాలం మంచులో లీల గారు నడవలేరు.

"వరండా కొట్టెయ్యమ్మా," అన్నారు లీల గారు.

"అదొక్కటే కదా నీ కోసం పెట్టింది," అన్నారాయన.

"ఎండలో కుర్చీ వేసుకుని కూర్చుంటాలెండి. దానికి కప్పెందుకు?"

ఎర్ర పెన్ను మృదుల చేతికిచ్చి ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. ఆమె వరండా మీద అడ్డంగా గీత గీసింది. దూలం పక్కన పద్నాలుగు అని రాసింది. సరిచూసినవారి పేరు దగ్గర ఆయనే అడిగి ఆమె పేరు రాయించారు.

మరుసటి ఏడాది ఆగస్టుకి ఇల్లు పూర్తయింది. కట్టే చివరి నెలల్లో ఆయన సైట్‌కి వెళ్ళినా కార్లోంచి దిగేవారు కాదు. కట్టేవాళ్ళు మేకులు కొడుతుంటే చూస్తూ, "ఎవరిదీ ఇల్లు?" అని రెండు మూడుసార్లు అడిగేవారు. లీల గారు అడిగినప్పుడల్లా "మనదే" అనేవారు.

వాళ్ళు చేరిన మూడు నెలలకు మృదుల చూడ్డానికి వెళ్ళింది. ఇల్లు వెచ్చగా, శుభ్రంగా, ఒక్క అంగుళం వృథా లేకుండా ఉంది.

"చిన్నది కావడమే మంచిదైంది," అన్నారు లీల గారు స్టవ్ దగ్గర నుంచి. "నేను కనపడకపోతే కంగారు పడిపోతారు. ఇక్కడ ఎక్కడ కూర్చున్నా కనిపిస్తాను."

మూర్తి గారు హాల్లో కుర్చీలో కూర్చుని ఉన్నారు. శాలువా చక్కగా కప్పి ఉంది. మృదులను చూసి మర్యాదగా కాస్త లేవబోయారు. "కూర్చోండి. మీరేం చేస్తుంటారు?"

ఇన్నేళ్ళలో ఆయన ఆమెను 'మీరు' అనడం అదే మొదటిసారి.

"స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని, సార్."

"ఓ, మంచి పని." కాసేపు ఆలోచించారు. "జాగ్రత్తగా చెయ్యాలి. జనం నమ్ముతారు."

"అవును సార్."

"లీలా, ఈవిడకి కాఫీ ఇయ్యి. చాలా దూరం నుంచి వచ్చినట్టున్నారు."

లీల గారు వెనక్కి తిరగలేదు. భుజాలు కదలడం మాత్రం కనిపించింది. కాసేపటికి కాఫీ తెచ్చి టేబుల్ మీద పెట్టి, ఆయన శాలువా సర్ది, మృదుల పక్కన వచ్చి కూర్చున్నారు. చల్లారిపోయేదాకా ఆ కప్పు ఎవరూ ముట్టుకోలేదు.